నారాలో ఒక కార్తిక దినం

2011 మార్చిలో జపాన్‌కు భూకంపం వచ్చినప్పటి నుంచి అమ్మ ఫోనులో దొరికిన ప్రతిసారీ ఒక మాట అడిగి తీరేది: "గుడికి వెళ్ళావా?" నేను చదువుకుంటున్నది క్యోటోలో. సునామీ ముంచెత్తిన తొహోకు తీరం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, నల్లటి నీళ్ళు పొలాల మీదికి పాకడం టీవీలో చూసిన మనిషికి ఆ దూరాలు ధైర్యం ఇవ్వవు. ఇక్కడ మన గుళ్ళు లేవమ్మా అంటే, "బుద్ధుడు మాత్రం దేవుడు కాదా? ఆయనకే ఒక దణ్ణం పెట్టుకుని రా" అంది.

క్యోటోలో ఆలయాలకు కరువు లేదు. సైకిల్ మీద ల్యాబ్‌కు వెళ్ళే దారిలోనే నాలుగైదు ఎదురయ్యేవి. వచ్చిన కొత్తలో వాటిలో పేరున్న వాటికి వెళ్ళి ఫొటోలు తీసుకున్నాను కూడా. కానీ అమ్మ అడిగినట్టు, దర్శనానికని, మనసులో ఒక మొక్కు పెట్టుకుని వెళ్ళింది లేదు.

ఆ ఏడాది నవంబరు 3 గురువారం పడింది. అది జపాన్‌లో సంస్కృతి దినోత్సవం, సెలవు. దీపావళి వెళ్ళి వారమే అయింది. ఇంటి దగ్గర కార్తిక మాసం. ముందు రోజు రాత్రి అమ్మ కృష్ణలో స్నానాలు, అమరేశ్వరుడి గుడిలో దీపాలు, ఉపవాసాలు అన్నీ చెప్పి ఫోను పెట్టేసరికి నాకు ఇల్లు మీద గాలి మళ్ళింది. మా హాస్టల్లో పై అంతస్తులో ఉండే అక్క నా ముఖం చూసి, "రేపు నారా వెళ్దాం. పులిహోర నేను కలుపుతాను" అంది. అక్కది విజయనగరం. పీహెచ్‌డీ చేస్తూ అప్పటికే నాలుగేళ్ళుగా అక్కడ ఉంది. జపనీస్ ధారాళంగా మాట్లాడేది. ఆ పరాయి ఊళ్ళో నాకు జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చింది తనే.

క్యోటో నుంచి నారాకు రైల్లో ముప్పావు గంట. కోతలు అయిపోయిన వరి మడులు, పెరళ్ళలో ఆకులు రాలి పండ్లు మాత్రమే మిగిలిన కాకి చెట్లు. కాకి అంటే మన దగ్గర తునికి పండు జాతిలోదే, నారింజ రంగులో పెద్దగా ఉంటుంది. నారా ఇంకా ఒక్క స్టేషను ఉందనగా రైలు ఒక విశాలమైన గడ్డి మైదానం నడిమధ్య నుంచి వెళ్ళింది. అక్క నన్ను కిటికీ వైపు తిప్పింది. అది హెయిజో రాజప్రాసాదం ఉండిన చోటు. 710లో రాజధాని అయి, 784 దాకా జపాన్‌ను ఏలిన నగరం అది. ఎర్ర స్తంభాల సింహద్వారం ఒకటి, కొత్తగా కట్టి నిలబెట్టిన సభాభవనం ఒకటి, మిగతాదంతా గడ్డి. ఒక రాజధాని గడ్డి మైదానమై రైలుకు దారి ఇచ్చింది. ఆ దృశ్యం సాయంత్రం దాకా నా కళ్ళలోనే ఉంది.

స్టేషను మెట్లెక్కి పైకి రాగానే నీటి బుగ్గ మధ్యలో ఒక భిక్షువు విగ్రహం. ఆయన పేరు గ్యోకి. ఊరూరా తిరిగి వంతెనలు, చెరువులు కట్టించిన సన్యాసి. నారా మహాబుద్ధుడి కోసం జనం దగ్గర జోలె పట్టింది ఆయనే. ఆ విగ్రహం ముఖం బుద్ధుడున్న వైపే తిరిగి ఉంటుంది.

ముందు కోఫుకుజి ఆలయానికి వెళ్ళాం. యాభై మీటర్ల ఎత్తున అయిదంతస్తుల గోపురం, 1426లో తిరిగి కట్టినది. దాని కింద నిలబడి తల ఎత్తితే మెడ పట్టేసింది. కానీ ఆ ప్రాంగణంలో నన్ను ఆపేసింది గోపురం కాదు. అక్కడి నిధుల మందిరంలో ఒక అసురుడున్నాడు. వాళ్ళు అషుర అంటారు. 734 నాటి విగ్రహం. మూడు ముఖాలు, ఆరు సన్నని చేతులు, ఒంటి మీద చెదిరిపోగా మిగిలిన ఎరుపు. మన పురాణాల్లో అసురుడంటే కోరలు, మీసాలు, అట్టహాసం. ఇక్కడ నిలబడింది పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడిలాంటి వాడు. కనుబొమలు కొద్దిగా ముడిపడి ఉన్నాయి. రెండు చేతులు జోడించి ఉన్నాడు. చేసిన తప్పేదో ఇప్పుడే తెలిసివచ్చి, ఏడుపు ఆపుకుంటున్న ముఖం. అసురుడిని అలా ఊహించవచ్చని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

మట్టి అచ్చు మీద జనపనార గుడ్డను చెట్టు జిగురులో ముంచి పొరలు పొరలుగా అంటించి, ఎండాక లోపలి మట్టిని తీసేస్తారట. అందుకే విగ్రహం లోపల బోలు, మోయడానికి తేలిక. ఆ ఆలయం ఎన్నిసార్లు తగలబడినా ఇది మిగలడానికి ఆ తేలికే కారణం. ఎవరో భిక్షువు మంటల్లోంచి దీన్ని చేతులతో ఎత్తుకుని బయటికి పరుగెత్తి ఉంటాడు. ఆ పరుగు ఊహించుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పక్క వరసలో గరుడుడు, గంధర్వుడు, కిన్నరుడు ఉన్నారు. పేర్ల పలకలు అక్క చదివి వినిపించింది: కరుర, కెందత్సుబ, కిన్నర. ఒక్కో పేరు వెనక మన మాట తొంగి చూస్తుంటే, పరాయి ఊళ్ళో చిన్ననాటి స్నేహితుడు పోలిక మారి ఎదురైనట్టు అనిపించింది.

బయటికి వస్తే జింకలు. నారా జింకల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. కసుగ దేవుడు తెల్ల జింక నెక్కి ఈ ఊరికి వచ్చాడని నమ్మకం, అందుకే వాటికి ఎవరూ హాని చేయరు. నూటయాభై యెన్‌లు పెట్టి వాటి కోసమే అమ్మే బిళ్ళల కట్ట కొన్నాను. ఒక ముసలి జింక నా ముందు తల వంచి నమస్కరించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. కట్టంతా దానికే పెట్టేశాను.

మహాబుద్ధుడున్న తోదైజి ఆలయం మహాద్వారంలో ఇద్దరు ద్వారపాలకులు ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తున నిలబడి ఉంటారు. ఉన్‌కెయి, కయికెయి అనే శిల్పులు తమ బృందాలతో 1203లో అరవై తొమ్మిది రోజుల్లో చెక్కిన కొయ్య విగ్రహాలు. ఒకడి నోరు తెరిచి ఉంటుంది, ఇంకొకడిది మూసి ఉంటుంది. తెరిచినవాడు 'అ' అంటున్నాడు, మూసినవాడు 'హూం' అంటున్నాడు. సంస్కృత వర్ణమాల మొదలు, ముగింపు. పలక మీద నాన్న నా చెయ్యి పట్టి దిద్దించిన 'అ' ఆ కొయ్య నోట్లోంచి వినబడుతున్నట్టే ఉంది.

ఆ ద్వారం దాటి, రాతి బాట వెంట నడిచి, టికెట్లు తీసుకుని లోపలికి వెళితే మహాబుద్ధ మందిరం. 1709లో మూడోసారి కట్టినది. యాభై ఏడు మీటర్ల వెడల్పు. మొదట కట్టింది ఇంతకంటే చాలా వెడల్పట. ముంగిట పెద్ద ధూపపాత్రలో ఊదువత్తుల పొగ. గుమ్మం దగ్గర అక్కా నేనూ ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. అక్కడ చెప్పులు విప్పే పద్ధతి లేదు. అందరూ బూట్లతోనే గడప దాటుతున్నారు. మా కాళ్ళు మాత్రం కదలలేదు. చివరికి గడపకు చేతులు తాకించి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళాం.

పదిహేను మీటర్ల కంచు బుద్ధుడు. వైరోచనుడు. కుడి చెయ్యి అభయం ఇస్తూ ఉంది. మా అమరేశ్వరుడి లింగం ఎంత పొడవంటే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని తల ఎత్తి చూసేదాకా నాకు ఆయన పూర్తిగా కనబడేవాడు కాదు. అలా తల ఎత్తి చూడడం మళ్ళీ అక్కడే జరిగింది. అమ్మ అడిగిన దణ్ణం పెట్టుకున్నాను. మొక్కేమిటో గుర్తులేదు. ఇంటి వాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పుకున్నట్టు మాత్రం గుర్తుంది.

బుద్ధుడి వెనక మూలల్లో ఇద్దరు దిక్పాలకులున్నారు. వాళ్ళ దగ్గర నిలబడి పేర్లు చదువుకుంటుంటే, చేతికి వాలంటీరు పట్టీ కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి పలకరించారు. డెబ్బై దాటి ఉంటాయి. బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారట. "వీరు కోమొకుతెన్. మీ భాషలో విరూపాక్షుడు" అన్నారు. మనకు విరూపాక్షుడంటే హంపి శివుడని నేనంటే, అక్క అనువదించి చెప్పింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు.

ఇండియాలో ఎక్కడి నుంచి అని అడిగారు. మామూలుగా అయితే హైదరాబాద్ అని చెప్పేసేదాన్ని. మా ఊరి పేరు ఎవరికీ తెలియదు కదా అని. "దక్షిణమా?" అన్నారు. అవునన్నాను. ఆయన బుద్ధుడి ముఖం వైపు చూపించి, "అయితే ఈ కళ్ళు తెరిపించింది మీ వైపు మనిషే" అన్నారు.

ఆ కథ ఆయన చెబుతుంటే అక్క నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. 735 నుంచి మూడేళ్ళు జపాన్‌ను మశూచి చెండాడింది. దిక్కుతోచని షోము చక్రవర్తి 743లో ఈ విగ్రహం చేయించాలని సంకల్పించాడు. ఒక గడ్డి పరక తెచ్చినా, గుప్పెడు మట్టి తెచ్చినా, సాయం చేస్తామని వచ్చే ఎవరినీ కాదనవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ మశూచి నడుమనే, 736లో, చైనా మీదుగా ఓడలో ఒక దక్షిణ భారత భిక్షువు వచ్చాడు. పేరు బోధిసేనుడు. జపాన్ వారు బొదయిసెన్న అంటారు. రేవులో ఆయనకు ఎదురువెళ్ళి స్వాగతం పలికింది, స్టేషను దగ్గర నేను చూసిన గ్యోకియే. 752లో విగ్రహం పూర్తయినప్పుడు కనుపాపలు దిద్దే గౌరవం బోధిసేనుడికి దక్కింది. ఆయన పట్టుకున్న పెద్ద కుంచెకు నీలి దారాలు కట్టి, వాటి కొసలు సింహాసనం వదిలిన షోముకూ, ఆయన రాణికీ, అప్పుడు రాజ్యమేలుతున్న వాళ్ళ కూతురికీ, వచ్చిన జనానికీ పట్టుకోమని ఇచ్చారు. ఒక్కడి చెయ్యి కదిలితే అందరూ కన్ను దిద్దినట్టే. ఆ కుంచే, ఆ దారమూ షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. బోధిసేనుడు మళ్ళీ ఇంటికి రాలేదు. 760లో అక్కడే పోయాడు.

ఏటా శరదృతువులో రెండు మూడు వారాలు ఆ భాండాగారం వస్తువుల్లో కొన్నింటిని నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. మేము వెళ్ళిన రోజున కూడా ప్రదర్శన ఉంది. వీధి మలుపు దాటిన క్యూ చూసి వెనక్కి వచ్చేశాం. ఆ క్యూలో నిలబడనందుకు నాకు ఈ రోజుకీ బాధగానే ఉంది.

ఈ బుద్ధుడు కూడా మొదటి రూపంలో లేడని పెద్దాయన చెప్పారు. 1180లో ఒకసారి, 1567లో ఒకసారి యుద్ధాల్లో మందిరం తగలబడింది. రెండోసారి మంటల తరువాత వందేళ్ళకు పైగా ఈ విగ్రహానికి సరైన నీడ లేదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ కూర్చుంది. ఇప్పుడున్న తల పదిహేడో శతాబ్దంలో పోతపోసినది. మొండెం చాలావరకు అంతకు ముందు మరమ్మతు కాలానిది. పద్మపీఠంలో, కాళ్ళ దగ్గర మాత్రం మొదటి కంచు మిగిలింది. పడిన ప్రతిసారీ ఎవరో ఒక భిక్షువు జోలె పట్టుకుని దేశం తిరిగాడు. మళ్ళీ నిలబెట్టాడు.

"నాగార్జునుడి ఊరు మీకు తెలుసా?" అని ఆయన అడిగారు. అక్కడ ఆయన్ని ర్యూజు అంటారు. జపాన్ బౌద్ధంలో ఎనిమిది సంప్రదాయాలకూ మూలగురువుగా తలుస్తారు. ర్యూ అంటే నాగం, జు అంటే చెట్టు. నాగ, అర్జున. అర్జునం అంటే మనకు మద్ది చెట్టే కదా. పేరును ఎవరో చైనా అనువాదకుడు అంత ముచ్చటగా విడదీశాడు. ఆయన అడిగిన దానికి నా దగ్గర సమాధానం ఉంది. ఎనిమిదో తరగతిలో బడి వాళ్ళు లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్ళారు. కృష్ణ మీద కట్టే ఆనకట్టలో నీళ్ళు నిండేముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, మునిగిపోయే కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి తరలించి మళ్ళీ పేర్చారని, ఆ కొండ ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి అయిందని చెప్పాను. ఆయన నోట్ బుక్కులో కొండను, చుట్టూ నీళ్ళను చిన్న బొమ్మగా వేసుకున్నారు.

ఆ ఉత్సాహంలో మా ఊరి సంగతి చెప్పాను. అమరావతి పక్క పల్లె మాది. అమరావతి పేరు అప్పటికి రాజధానిగా అందరి నోటా పడలేదు, ఆయనకూ తెలియలేదు. పాత పేరు ధాన్యకటకం అన్నాను, సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివింది గుర్తు తెచ్చుకుని. ఆ మాట ఆయన రెండుసార్లు నెమ్మదిగా పలికారు. తరువాత ఆయన ముఖంలో వచ్చిన మార్పును నేను మరిచిపోలేను.

తోదైజి కెగొన్ సంప్రదాయానికి మూలపీఠం. వాళ్ళ గ్రంథం అవతంసక సూత్రం. దాని చివరి భాగంలో సుధనుడనే వర్తకుడి కొడుకు సత్యం తెలుసుకోవడానికి ప్రయాణం కడతాడు. యాభైమందికి పైగా గురువుల దగ్గరికి వెళతాడు. వాళ్ళలో భిక్షువులున్నారు, రాజులున్నారు, ఓడ నడిపేవాడున్నాడు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడున్నాడు, చిన్న బాలికలున్నారు. జపాన్‌లో ఆ పిల్లవాడి పేరు జెన్‌జయి. ఆలయాల్లో చేతులు జోడించిన బాలుడిగా కనిపిస్తాడు. ఆ పిల్లవాడి ఊరు దక్షిణాపథంలోని ధన్యాకరం. అది మన ధాన్యకటకమేనని కొందరు పండితులు భావిస్తారు. చైనా అనువాదంలో ఆ పేరు 'శుభనగరం' అయింది, జపాన్ వారు ఫుకుజో అని చదువుతారు. పెద్దాయన ఏళ్ళ తరబడి ఆ సూత్రం మీద ప్రసంగాలు విన్నవారు. ఆ ఊరి మనిషి తన ముందు నిలబడుతుందని ఎన్నడూ అనుకోలేదన్నారు.

"ఊరికి తూర్పున ఒక సాలవనం, అందులో ఒక పెద్ద చైత్యం ఉన్నట్టు సూత్రం చెబుతుంది. ఇప్పుడు అక్కడ ఏముంది?"

అక్క ఆ ప్రశ్నను తెలుగులో చెప్పి నా వైపు చూసింది.

నాకు తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి కార్తికంలో అమరేశ్వరుడి గుడికి వెళ్ళాను. స్తూపం ఉండిన చోటు అక్కడికి కూతవేటు దూరం. మా వైపు దాన్ని దీపాలదిన్నె అంటారు. బస్సు దిగిన ప్రతిసారీ ఆ బోర్డు చూశాను. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. అక్కడి పాలరాతి లాంటి సున్నపురాయి ఫలకాలు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లో ఉన్నాయని చదివాను. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు కొత్త ఊరు కట్టేటప్పుడు ఆ దిన్నె రాళ్ళను కట్టడాలకు వాడారని, 1797లో మెకంజీ అనే దొర వచ్చి చూశాడని పరీక్షకు చదువుకున్నాను. అవి చెప్పాను. కానీ ఆయన అడిగింది ఆ రాళ్ళు ఎటు పోయాయని కాదు. అక్కడ ఇప్పుడు ఏముందని.

"వెళ్ళలేదు" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నేనే సిగ్గుతో తల దించుకున్నాను. రెండు శతాబ్దాల పైచిలుకు వ్యవధిలో రాళ్ళు మోసుకుపోయిన వాళ్ళూ, తవ్వుకుపోయిన వాళ్ళూ ఉన్నారు సరే, పక్క పల్లెలో పుట్టి చూడకుండా పెరిగిన నేను కూడా ఉన్నాను కదా అనిపించింది.

మధ్యాహ్నం దాటింది. ఆయన మమ్మల్ని వెనక మెట్ల దారిలో నిగత్సుదోకు తీసుకెళ్ళారు. గుట్ట వాలులో కట్టిన కొయ్య మందిరం. పక్కన యాత్రికులు కూర్చునే వసారాలో వేడి టీ ఉచితంగా ఇస్తారు. అక్క డబ్బా తీసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు గుజ్జు, ఇంగువ, ఆవాల పోపు, కరివేపాకు మాత్రం ఎండుది. జపాన్ బియ్యం ముద్దకడుతుంది కాబట్టి ఆ పులిహోర ఎన్నడూ పొడిపొడిగా రాదు. డబ్బా మూతలో పెట్టి పెద్దాయనకు ఇస్తే, చేతులు జోడించి అన్నానికి నమస్కరించి, పుల్లలతో తిన్నారు. ఉప్పులో ఊరేసిన రేగు లాంటి పండు వాళ్ళకు ఉంది, ఉమెబోషి. దాన్ని అన్నంలో పెట్టుకుని ప్రయాణాలకు తీసుకెళతారు. పులుపు పట్టిన అన్నం దారిలో చెడిపోదని వాళ్ళకూ తెలుసు. "మా అమ్మ కట్టిచ్చే అన్నం ఇలాగే ఉండేది" అన్నారాయన. పంటి కింద పడిన మినపప్పును మాత్రం చాలాసేపు నమిలి, ఇదేమిటని అడిగారు.

నిగత్సుదోలో ప్రతి మార్చిలో మొదటి పద్నాలుగు రోజులు పదకొండుమంది భిక్షువులు లోకం తరఫున తప్పులు ఒప్పుకుని క్షమాపణ వేడుకుంటారు. రాత్రులు పెద్ద పెద్ద దివిటీలు వసారా అంచున తిప్పుతారు. 752లో మొదలైన ఆ వ్రతం ఒక్క ఏడు కూడా తప్పలేదు. మందిరాలు తగలబడిన ఏళ్ళలోనూ తప్పలేదు. భూకంపం వచ్చిన మార్చి 11 ఆ పద్నాలుగు రోజుల్లోనే ఉంది. ఆ రాత్రి కూడా దివిటీలు వెలిగాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు సన్నగిల్లింది. మేమేమీ అడగలేదు. వసారా అంచున నిలబడి చూస్తే కింద మహాబుద్ధ మందిరం కప్పు మీది బంగారు రంగు కొమ్ములు, ఆ వెనక నారా ఊరు, దూరాన కొండలు.

వెళ్ళేముందు ఆయన తన పేరు, చిరునామా ఉన్న కార్డు రెండు చేతులతో అందించారు. ఎప్పుడైనా ఆ చోటు చూస్తే ఒక ఫొటో పంపమని అడిగారు.

కసుగ ఆలయానికి చీకటి పడేలోపు వెళ్ళాలని పరుగులాంటి నడక నడిచాం. దారికి రెండు వైపులా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, లోపల వేలాడే కంచు దీపాలు. అన్నీ కలిపి మూడు వేలట. వెలిగించేది ఏడాదిలో రెండు పర్యాయాలే, ఫిబ్రవరి మొదట్లో, ఆగస్టు మధ్యలో. మేము వెళ్ళేసరికి అన్నీ ఆరి ఉన్నాయి. అక్కడ నిలబడి ఫోను కార్డుతో అమ్మకు చేశాను. ఇంటి దగ్గర అప్పుడు మధ్యాహ్నం.

"గుడికి వెళ్ళాను" అన్నాను.

"చల్లని మాట చెప్పావు" అంది.

"దీపాలదిన్నె మీద ఇప్పుడు ఏముందమ్మా?"

"ఏముంటుంది, రాళ్ళు, గడ్డి. నీకెందుకు ఇప్పుడు?"

మరుసటి ఆగస్టు సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. అమ్మను కూడా బయలుదేరదీశాను. ఆమె కూడా అంతకు ముందు లోపలికి రాలేదు. ఇంత పెద్ద గుండ్రటి వేదిక, దాని మీద పచ్చిక, చుట్టూ విరిగిన కంచె రాళ్ళు కొన్ని నిలబెట్టి ఉన్నాయి. అమ్మ చెప్పినట్టే రాళ్ళు, గడ్డి. వానలు పడి ఆ గడ్డి ఏపుగా ఉంది. ఎవరో ఇద్దరు భిక్షువులు, ఏ దేశం వారో, నేల మీద వస్త్రం పరుచుకుని చదువుకుంటున్నారు. అమ్మ వాళ్ళను చూసి చెప్పులు విప్పేసింది. నేనూ విప్పాను. ఎండలో కాళ్ళు కాలుతున్నా ప్రదక్షిణం చేసినట్టు ఒక చుట్టు తిరిగాం. సుధనుడి కథ చెబితే అంతా విని, "ఆ పిల్లాడు మళ్ళీ వాళ్ళమ్మ దగ్గరికి వచ్చాడా?" అని అడిగింది. నేను వెళ్ళి మళ్ళీ చూసి చెబుతానన్నాను.

క్యోటో చేరాక ఫొటోలు కడిగించి, అక్క సాయంతో జపనీస్‌లో ఉత్తరం రాసి పెద్దాయనకు పంపాను. సాలవనం లేదు, చైత్యం చాలావరకు లేదు, దాని అడుగు ఉంది, గడ్డి ఉంది, అక్కడికి వచ్చి చదువుకునే వాళ్ళున్నారు అని రాశాను. వెంటనే జవాబు రాలేదు. 2013 జనవరి ఒకటిన, అక్కడి ఆచారం ప్రకారం కొత్త సంవత్సరం కార్డులన్నీ ఒకేసారి వస్తాయి కదా, వాటిలో ఆయనదీ ఉంది. జపాన్ లెక్కలో అది పాము సంవత్సరం. అందరి కార్డుల మీదా అచ్చువేసిన పాములే. ఆయన కార్డులో పాము పక్కన సిరాతో, తన చేత్తో, ఒక చెట్టు గీశారు.